వెనక షాకబ్జర్లకు తొడుగు

కోరుట్ల నుంచి జగిత్యాలకు పోయే రోడ్డును వెడల్పు చేస్తామని తవ్విపోసిన కాలంలోనే మా ఆయన కిడ్నీలు కూడా చేతులెత్తేశాయి. రెండింటికీ ఒకటే ముహూర్తం పెట్టినట్టు. రోజు విడిచి రోజు ఆయన రక్తాన్ని మిషన్‌లో కడిగించాలి. ఆ మిషన్ జగిత్యాలలో ఉంది, మేం కోరుట్లలో ఉన్నాం, మధ్యలో ఆ రోడ్డు ఉంది. మా కష్టమంతా ఇంతే, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

దగ్గర్లో దొరకలేదా అని చాలామంది అడిగారు. దొరికితే నేనెందుకు పోతాను? దగ్గర్లో పేరు రాయిస్తే, ముందున్నవాళ్ళలో ఎవరో ఒకరు పోతే తప్ప మాకు మంచం ఖాళీ కాదన్నారు. ఒకరి చావు కోసం ఎదురుచూడటం నా వల్ల కాలేదు. జగిత్యాలలో పొద్దటి షిఫ్టులో ఖాళీ ఉందంటే సరే అన్నాను. ఇక బస్సు సంగతి. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా పోయాక బస్సులో నిలబడే చోటు కూడా ఉండటం లేదు. నాకు నిలబడటం కష్టం కాదు, ఆయనకు సీటు కావాలి. పోయేటప్పుడు ఎవరో ఒకరు జాలిపడి లేస్తారు. వచ్చేటప్పుడు అలా కాదు. పూటంతా మిషన్ మీద పడుకొని, పిండి ఆరేసిన బట్టలా వచ్చిన మనిషి బస్టాండులో నిలబడి బస్సు కోసం చూడలేడు. ఆటో మాట్లాడుకుంటే సుఖమే, కానీ రోజు విడిచి రోజు ఆటో అంటే మా తరమయ్యే పని కాదు.

నేను బీడీలు చుట్టే మనిషిని. ఆయన సిరిసిల్లలో సాంచాలు నడిపిన మనిషి. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. సిరిసిల్లలో పని పడిపోయాక, మా అమ్మగారి ఊరు కదా అని కోరుట్లకు వచ్చేశాం. ఇక్కడ ఆయన ఒక బట్టల దుకాణంలో తాన్లు దించే పనికి కుదిరాడు. ఆ పని కూడా కాళ్ళలో నీరు చేరేదాకానే. చివరికి మాకంటూ మిగిలింది ఆయన పాత మోటారు సైకిలు.

దాన్ని నడపడం నేను నలభై దాటాక నేర్చుకున్నాను. మార్కెట్ యార్డులో, మక్కజొన్నలు ఆరబోయని రోజుల్లో. ఆయన సిమెంటు గద్దె మీద కూర్చొని ఊరంతా వినేటట్టు అరిచేవాడు.

"క్లచ్చు మెల్లగ ఇడువు. మెల్లగంటే గదేనా?"

"నువ్వు ఇన్నేండ్లు నడిపితివి, నేనెన్నడన్న గిట్ల ఒర్రిన్నా?" అని నేను మధ్యలో బండి ఆపి మరీ అడిగేదాన్ని.

స్కూటీ నడిపే ఆడవాళ్ళను చూసి ఇప్పుడు ఎవరూ తల తిప్పరు. గేర్ల బండి మీద మొగుణ్ణి వెనక కూర్చోబెట్టుకొని పోయే ఆడదాన్ని చూస్తే మాత్రం చాయ్ హోటల్ దగ్గర గ్లాసులు నోటి దాకా వచ్చి ఆగిపోయేవి. చూసుకోనీ అనుకున్నాను. వాళ్ళెవరూ వచ్చి ఆయన్ని మోసుకుపోరు కదా.

రోడ్డు గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒక పక్క కంకర, ఒక పక్క మొరం మట్టి, మధ్యలో టిప్పర్లు. దుమ్ము లేవకూడదని నీళ్ళ ట్యాంకర్ ఒకటి తిప్పేవాళ్ళు. అది పోయిన చోట బురద, పోని చోట దుమ్ము. ఇంటికి వచ్చేసరికి బండి ఏ రంగుదో మేమే మరిచిపోయేవాళ్ళం. ముందు కూర్చున్న నాకు మన్ను కంట్లో పడటం తప్ప వేరే బాధ లేదు. వెనక కూర్చున్న ఆయనకు ప్రతి గుంతా నడుములో దిగేది. అరిచేవాడు కాదు. నా భుజం మీద చెయ్యి వేసి కూర్చునేవాడు, గుంత ఎంత లోతుంటే వేళ్ళు అంత గట్టిగా దిగేవి. స్నానం చేసేటప్పుడు చూసుకుంటే భుజం కమిలి ఉండేది.

ఒకరోజు ఇంటికి వచ్చాక బండి దిగి, లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. నీళ్ళు ఇచ్చాను. డాక్టర్ తాగమన్నంతే, గ్లాసులో అడుగున కొన్ని. తాగలేదు.

"ఇగ నాతోని గాదే," అన్నాడు. "సూదులంటె నాకు భయం లేదు. గా మిషన్ మీద పండుకునుడు సుత కష్టం లేదు. గీ తొవ్వనే నన్ను సంపుతున్నది. ఇంకొన్నిసార్లు జూస్త. గిట్లనే ఉంటె నేను రాను."

"రాకుంటె?"

"రాకుంటె ఏమైతదో నీకు తెలుసు, నాకు తెలుసు."

ఆయన బెదిరించే మనిషి కాదు. పెళ్ళయినప్పటి నుంచి చూస్తున్నాను, అన్నం వద్దంటే వద్దే, పోనంటే పోనే. అందుకే ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. రోడ్డును నేను బాగు చేయలేను. కిడ్నీలను బాగు చేయలేను. నా చేతిలో ఉన్నది బండి ఒక్కటే. మరునాడు పొద్దున్నే దాన్ని మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను.

మా మెకానిక్ దుకాణం బస్టాండు వెనక గల్లీలో ఉంది. ఉర్దూ మాట్లాడే ఇంటి మనిషి, మాతో మాట్లాడితే మా తెలుగే. అందరూ భాయ్ అంటారు, నేనూ అంతే. పని తక్కువ, ఫోన్‌లో ముచ్చట ఎక్కువ. ఆ రోజు కూడా ఫోన్ చెవికి పెట్టుకొనే బండి వెనక సీటును అరచేత్తో ఒకసారి నొక్కి వదిలాడు. బండి కిందికి దిగి, పైకి ఎగిరి, మళ్ళీ దిగి, ఉయ్యాలలా ఊగుతూనే ఉంది. అప్పుడు ఫోన్ జేబులో పెట్టాడు.

"రెండు షాకబ్జర్లు పోయినయక్కా. వట్టి స్ప్రింగుల మీద నడుస్తున్నది బండి."

కింద కూర్చొని స్ప్రింగు సందులోకి వేలు పెట్టి తీశాడు. వేలికి నల్లటి ముద్ద అంటింది, కాటుక లాగా. దాన్ని బొటనవేలితో రుద్ది చూశాడు. గరగరమంది.

"దీనికి నూనె ఎవలు పోస్తున్నరు?" అని అడిగాడు.

ఎవరు పోస్తారు? మా ఇంట్లో నూనె డబ్బా పట్టే చెయ్యి ఒకటే.

ఇది అర్థం కావాలంటే సిరిసిల్ల వాళ్ళ సంగతి కొంత తెలియాలి. అక్కడ పొద్దున కార్ఖానా తలుపు తీయగానే మొదటి పని కరెంటు వేయడం కాదు. పొడుగు ముక్కు డబ్బా పట్టుకొని ఒక్కో సాంచా చుట్టూ తిరిగి, ఇనుము మీద ఇనుము ఆడే ప్రతి చోటా ఒక చుక్క నూనె వేయాలి. వేశాక, వేలికి అంటింది తలకు రాసుకుంటారు. నూనె వేయకుండా సాంచాను ముట్టుకోవడమంటే అన్నానికి కాలు తగిలించినంత తప్పు. పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో దిండ్లన్నీ నల్లగా ఉండేవి, ఆయన తల ఎప్పుడూ మిషన్ నూనె వాసన వచ్చేది. ఇప్పటికీ ఆ ఊరివాళ్ళందరిదీ అదే రోగం. తలుపు కిర్రుమంటే నూనె, ఫ్యాను మూలిగితే నూనె, ఆఖరికి గొడుగు తెరుచుకోకపోయినా నూనె. మా ఆయన నడిపిన సాంచాలను వాటి యజమాని పాత ఇనుము కింద అమ్మేసిన రోజు, తీసుకుపోయే లారీ రాకముందే పోయి అన్నింటికీ నూనె వేసి వచ్చాడు. ఎందుకయ్యా అని అడిగితే, "పొద్దుగాల అయింది గద," అన్నాడు.

కోరుట్లలో ఆయనకు సాంచాలు లేవు. ఉన్నది బండి ఒక్కటే. తెల్లారగట్ల లేచి దాన్ని తుడిచేవాడు. స్ప్రింగు లోపల పైకీ కిందికీ ఆడే ఇనుప కడ్డీకి చుక్క చుక్కగా నూనె వేసేవాడు. నూనె కూడా ఈ ఊరిది కాదు. మా మరిది సిరిసిల్ల నుంచి వచ్చినప్పుడల్లా నీళ్ళ సీసాలో సాంచా నూనె నింపుకొని తెచ్చేవాడు. ఒంట్లో బాగాలేకున్నా కూర్చొని ఏదో ఒక పని చేసుకుంటున్నాడులే, మనసు కాస్త మళ్ళుతుంది అని నేను సంతోషపడేదాన్ని.

"వట్టి రాడ్డు మీద మన్ను పడ్తె రాలిపోతది," అన్నాడు భాయ్. "నూనె మీద పడ్తె రాలదు. నూనె, మన్ను కలిస్తె ఇనుమును అరగదీసే ముద్దయితది. అది పైకి కిందికి పోయి లోపలి సీలును కోసేసింది. లోపల ఉండాల్సిన ఆయిలంత కారిపోయింది. ఆయన మంచికే జేసిండక్కా, గాని బండికి చెడ్డయింది."

ఆయన నడుముకు కూడా అని నేను మనసులో కలుపుకున్నాను. ప్రతిరోజూ పొద్దున తన చేతులతోనే తన నొప్పిని తయారు చేసుకుంటున్నాడు. కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. నాకు సాధారణంగా కోపమే ముందు వస్తుంది, ఆ రోజు కూడా అదే వచ్చింది.

ఇంటికి పోయి చెప్పాను. నమ్మలేదు.

"నూనె ఎయ్యకుంటె ఇనుము నడుస్తదా? నేను నా జిందగీ అంత గదే జేసిన. నా చేతుల ఒక్క సాంచ అన్న నూనె లేక ఆగిందని ఎవలన్న అన్నరా?"

"సాంచల కార్ఖానాల టిప్పర్లు తిరుగుతయా? అక్కడ పడేది దూది, ఇక్కడ పడేది మన్ను. రెండు ఒకటేనా?"

"నువ్వు నాకు మిషన్ల గురించి జెప్తున్నవా?"

"నేను గాదు, భాయ్ జెప్పిండు."

"భాయ్‌కేం ఎర్క, సాంచ ఎన్నడన్న నడిపిండా?"

ఇక మాటలతో లాభం లేదని నూనె డబ్బా, సీసా రెండూ తీసుకుపోయి పక్కింట్లో ఇచ్చేశాను. ఆయన ఆ పొద్దంతా తన కుడిచేతి వేళ్ళను ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ కూర్చున్నాడు. చూడటానికి బాధేసింది కానీ డబ్బా మాత్రం తిరిగి తేలేదు.

కొత్త షాకబ్జర్లు కొనే స్తోమత మాకు లేదని భాయ్‌కి చెప్పకుండానే తెలుసు. ఏదో పాత బండి నుంచి విప్పిన జత ఒకటి తీసి, సీళ్ళు మార్చి, ఆయిల్ పోసి బిగించాడు. బిగిస్తూ బిగిస్తూనే, ఆ రోడ్డు మీద ఇవి మాత్రం ఎన్నాళ్ళుంటాయో నేను చెప్పలేను, మన్ను పడకుండా చూసుకోవడం నీ చేతిలో ఉంది అన్నాడు. మన్ను పడకుండా ఎలా చూసుకోవాలి అంటే, పాత సైకిల్ ట్యూబ్ ముక్క తొడిగితే సరి, పైనా కిందా గట్టిగా కట్టెయ్ అన్నాడు. కట్టేశాను. లారీ వెనక వేలాడే పాత రబ్బరు ముక్క ఒకటి సంపాదించి ముందు చక్రం మడ్గార్డుకు కూడా బిగించాను, ముందు నుంచి ఎగిరే బురద వెనక్కి రాకుండా.

కొన్ని రోజులు బాగానే ఉంది. ఒక అకాల వాన పడ్డాక ట్యూబ్ విప్పి చూస్తే లోపల చిన్నపాటి చెరువు ఉంది. పై నుంచి దిగిన నీళ్ళు కింద కట్టు దగ్గర నిలబడిపోయి, బురదై, కడ్డీ మీద అప్పుడే ఎర్రటి తుప్పు చుక్కలు లేచాయి. భాయ్‌ని అడిగితే నెత్తి గోక్కున్నాడు. కింద ఓపెన్ పెట్టాల్నేమో అన్నాడు. ఆ 'ఏమో' అనే మాట ముందు చెప్పి ఉంటే బాగుండేది.

మా ఆయన అరుగు మీది నుంచి అంతా చూస్తున్నాడు. "నూనె ఎయ్యలే గద, తుప్పు వడ్తది మరి," అన్నాడు. నేను వినిపించుకోనట్టు బట్టతో ఆ చుక్కలు రుద్దుతూ కూర్చున్నాను. లోపల మాత్రం ఉడికిపోయాను.

దారి దొరికింది ఆసుపత్రిలోనే. మిషన్ పెట్టే ముందు అక్కడి సిస్టర్ ఆయన చేతికి బీపీ చూసే పట్టీ చుట్టేది. చుట్టి అంటిస్తే అంటుకుంటుంది, లాగితే చర్రుమని ఊడుతుంది. ఎన్నోసార్లు చూశాను, ఆ రోజే నాకు అది వేరేగా కనిపించింది. ఇలాంటిదే ఒకటి షాకబ్జరుకు చుడితే, ఎప్పుడంటే అప్పుడు విప్పి తుడుచుకోవచ్చు, కింద తెరిచి ఉంచితే నీళ్ళు నిలవవు.

"పాతది, చినిగింది ఏమన్న ఉంటె ఇస్తవా బిడ్డా?" అని సిస్టర్‌ని అడిగాను.

"ఏం జేస్తవమ్మా దాన్ని?"

"బండికి కడ్త."

"బండికి సుత బీపీ వచ్చిందా?" అని ఆ పిల్ల నవ్వింది. మంచం మీద మా ఆయన కూడా నవ్వాడు. ఆయన నవ్వగా చూసి చాలా రోజులైంది. సిస్టర్ పారేయడానికి పెట్టిన డబ్బాలోంచి చినిగిన పట్టీ ఒకటి తీసి ఇచ్చింది.

దాని కొలత చూసుకొని, ఆటో సీట్లు కుట్టే దుకాణం దగ్గర పారేసిన రెగ్జిన్ ముక్కలు ఏరుకొచ్చి, పక్కింటి కుట్టుమిషన్ మీద రెండు తొడుగులు కుట్టాను. అంటుకునే పట్టీ ఒక తొడుగుకు ఆ బీపీ పట్టీదే, ఇంకోదానికి పాత స్కూలు సంచీది. పైన బిగుతుగా, కింద వదులుగా. ఎండు బట్టతో తుడవాలి, చుక్క నూనె కూడా తగలకూడదు. ఆ తుడిచే పని ఆయనకే అప్పజెప్పాను. ఊరికే కూర్చొని వేళ్ళు రుద్దుకుంటుంటే నేను చూడలేకపోయాను.

"వట్టి బట్టతోని తుడుసుడేంది, ఫోటో తుడిసినట్టు," అనేవాడు. అయినా తుడిచేవాడు.

ఆ తర్వాత భాయ్ ఒకసారి ఆ తొడుగులు చర్రున లాగి చూశాడు. కడ్డీలు స్టీలు గ్లాసుల్లా మెరుస్తున్నాయి. సీటు నొక్కి వదిలితే బండి ఒక్కసారి దిగి, నెమ్మదిగా లేచి, నిలబడింది.

"ఇసొంటివి ఇంకొన్ని జతలు కుట్టియ్యక్కా, దుకాణంల పెడ్త," అన్నాడు.

ఆ రోజు నేను కోరుట్లలో అందరికంటే తెలివైనదాన్ని అనుకున్నాను. అంత పెద్ద రోడ్డు, అన్ని టిప్పర్లు కలిసి చేసిన దాన్ని నేను రెండు రెగ్జిన్ ముక్కలతో ఆపాను. ఇక ఆయన వస్తాడు. ఎన్నేళ్ళైనా వస్తాడు. ఇంటికి పోయే దారంతా అదే లెక్క వేసుకున్నాను.

మరునాడు జగిత్యాల పోయాం. బండి నిజంగానే మెత్తగా పోయింది. నా భుజం మీద వేళ్ళు దిగలేదు. అసలు చెయ్యే లేదు. "ఎట్లున్నది?" అని అడిగాను. "మంచిగున్నది," అన్నాడు. ఆ తర్వాతి సారి కూడా అంతే, చెయ్యి లేదు, మంచిగున్నది. నాకు నిజంగా సంతోషం ఆగలేదు. మూడోసారో నాలుగోసారో, వెనక టిప్పర్ హారన్ కొడుతుంటే అద్దంలో చూశాను. టిప్పర్ కనబడలేదు, ఆయన మొహం కనబడింది. పళ్ళు బిగబట్టి, కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నాడు. రెండు చేతులతో వెనక క్యారియర్ ఇనుమును పట్టుకున్నాడు. నాకు తెలియకూడదని భుజం మీది నుంచి చెయ్యి తీసేశాడు.

ఆ రోజు ఆయన మిషన్ మీద ఉన్నప్పుడు డాక్టర్ గది బయట నిలబడ్డాను. బండి గురించి, షాకబ్జర్ల గురించి, తొడుగుల గురించి అంతా చెప్పాను. పాపం డాక్టర్ ఓపికగా విన్నాడు. చివరికి అన్నాడు, "కిడ్నీలు పనిచెయ్యకుంటే బొక్కల్లో, ఎముకల్లో బలం పోతదమ్మా. ఈయనవి సుద్దముక్కల లెక్క అయినయి. ముందు నుంచే ఉన్నది ఆ నొప్పి. విమానంల తీస్కచ్చినా గిట్లనే ఉంటది."

మందులు లేవా అంటే, వాడుతున్నవే ఆ మందులు అన్నాడు.

షాకబ్జర్లు చెడిపోయి ఉన్నన్ని రోజులు మాకు ఆశ ఉండేది. అవి బాగైతే ఆయన బాగవుతాడన్న ఆశ. వాటిని నేనే పట్టుబట్టి బాగు చేశాను. ఇక తిట్టడానికి నూనె లేదు, మన్ను లేదు, రోడ్డు కూడా లేదు.

తర్వాత ఒక పొద్దున నేను చీర కొంగు దోపుకొని బయటికి వచ్చేసరికి ఆయన బండి పక్కన కూర్చొని ఉన్నాడు. తుడవడం అయిపోయింది, తొడుగులు అంటించేశాడు. ఆసుపత్రికి వేసుకునే చొక్కా మాత్రం వేసుకోలేదు.

"బండికి ఏం లేదే," అన్నాడు. "బండి మస్తుగున్నది. నువ్వు మంచిగ జేసినవ్. ఇన్ని రోజులు తప్పు దాని మీద ఏసిన. ఇగ ఎవల మీద ఏస్త చెప్పు? నేను రాను."

బండి స్టార్ట్ చేసి, దాని మీద కూర్చొని, వాకిట్లో ఇంజన్ నడుస్తుండగానే ఎదురుచూశాను. సిగ్గుపడి అయినా లేస్తాడనుకున్నాను. చాలాసేపు అలాగే కూర్చున్నాను. గల్లీలో జనం చూస్తున్నారు.

"పెట్రోలు కాలుతున్నది, బంద్ చెయ్యి," అన్నాడు ఆయన, అంతే. కోపం కూడా లేదు గొంతులో.

సిరిసిల్ల నుంచి మా మరిది వచ్చాడు. అన్న కాళ్ళు పట్టుకున్నాడు. చివరికి ఎవరినో బతిమాలి కారు తెచ్చి, ఎత్తి కూర్చోబెట్టి ఒకసారి తీసుకుపోయాం. వెనక సీట్లో నా ఒడిలో తల పెట్టుకొని పడుకున్నాడు. ఊరు దాటక ముందే ఆయన ఒళ్ళంతా బిగుసుకుపోయింది. వచ్చేటప్పుడు నా వైపు చూసి, "కార్ల సుత గంతేనే," అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. అదే ఆఖరిసారి. మళ్ళీ ఎవరూ బలవంతం చేయలేదు. మొదట కాళ్ళలో, తర్వాత పొట్టలో, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వానలు పడకముందే పోయాడు. నేను ఆయన్ని తిట్టాను కూడా, మంచం పక్కన కూర్చొని, వినబడుతుందో లేదో తెలియకుండానే.

మనిషి పోయినా తినక తప్పదు కదా. మళ్ళీ బీడీల చాట ఒడిలోకి వచ్చింది. చుట్టిన బీడీలను సంచీలో వేసుకొని కార్ఖానాకు బండి మీదే పోయేదాన్ని. బండి నన్ను ఎగరేయడం మొదలుపెట్టింది. చిన్న రాయి తగిలినా వెనక చక్రం లేచి పడేది, సంచీలో కట్టలు విరిగిపోయేవి. ఇది కూడా నా మీద తిరగబడిందా అని తిట్టుకుంటూ భాయ్ దగ్గరికి పోయాను.

"మల్ల పోయినయి చూడు నీ షాకబ్జర్లు."

భాయ్ తొడుగులు తీసి చూశాడు, సీటు నొక్కి చూశాడు. లేచి నిలబడి, నన్ను చూసి, మళ్ళీ కింద కూర్చున్నాడు.

"పోలేదక్కా. మంచిగున్నయి," అన్నాడు. "గప్పుడు ఇద్దరి బరువుకని స్ప్రింగు టైటు జేసి పెట్టిన. ఇప్పుడు..." అక్కడ ఆగాడు. పనిముట్ల డబ్బాలో ఏదో వెతుకుతున్నట్టు కాసేపు చెయ్యి తిప్పాడు. "ఒక్కరికైతె జర లూజ్ చెయ్యాలె. చెయ్యాల్నా?"

వద్దు అనాలనిపించింది. ఆ బండిని అలాగే ఇద్దరి బరువుకు ఉంచి, జీవితాంతం అది నన్ను ఎత్తేసినా సరే అనిపించింది. కానీ విరిగిన బీడీలను కార్ఖానాలో ఎవరూ తీసుకోరు.

"చెయ్యి భాయ్," అన్నాను.

స్ప్రింగు కింద గాట్లున్న ఇనుప కట్టు ఒకటి ఉంది. దానికి పానా తగిలించి తిప్పాడు. ఒక పక్క టక్‌మంది. రెండో పక్కకు పోయి తిప్పాడు, అదీ టక్‌మంది. పని అయిపోయింది. అంత చిన్న పని.

అక్కడి నుంచి ఇంటికి పోవాల్సినదాన్ని, ఎందుకో జగిత్యాల రోడ్డు ఎక్కాను. రోడ్డు అలాగే ఉంది, టిప్పర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఊరు దాటాక కల్వర్టు దగ్గర ఒక పెద్ద గుంత ఉంటుంది. అక్కడికి రాగానే భుజం ముందే బిగబట్టుకున్నాను. ముందు చక్రం దిగింది, వెనక చక్రం దిగింది, బండి మెల్లగా కిందికి ఒదిగి మెల్లగా లేచింది. చేతిలోని చాయ్ కూడా ఒలకనంత మెత్తగా. ఏమీ తగల్లేదు, ఎవరికీ ఏమీ కాలేదు. నేను బండి పక్కకు ఆపి, దుమ్ములో నిలబడి, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చాను.